చేతుల సాక్ష్యం

కెప్టెన్ హైమవతికి తెలిసినంతలో ఆ విమానం కూలలేదు.

ఆమె జ్ఞాపకంలో అది ఇంకా గాల్లోనే ఉంది. కింద దివ్వెలపాలెం విమానాశ్రయం వానకి తడిసి మెరుస్తోంది. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క జీడితోటలు, నడుమ రన్‌వే దీపాలు. చక్రాలు దిగాయి. కుడి సీట్లో కోపైలట్ ధర్మతేజ ఎత్తు చదివి చెబుతున్నాడు. "ఐదువందలు, మేడమ్" అన్నాడు. ఆ మాట దగ్గర జ్ఞాపకం తెగిపోయింది. దాని పక్కనే ఎవరో అతికించినట్టు ఆస్పత్రి పైకప్పు, ముక్కులో గొట్టం, మంచం పక్క కుర్చీలో కూర్చునే నిద్రపోతున్న భర్త శేషగిరి.

మధ్యలో జరిగినదంతా ఇతరులు చెబితేనే ఆమెకి తెలిసింది. రన్‌వే ఇంకా కాస్త దూరం ఉందనగా విమానం ఉన్నట్టుండి ముక్కు దించేసింది. రన్‌వే అంచుకి కొట్టుకుని రెండుగా విరిగింది. వెనక సగం బురదలోకి జారి ఆగడంతో చాలామంది బతికారు. ముందు సగం అంటుకుంది. ఇరవై మూడు మంది పోయారు. వాళ్లలో ధర్మతేజ ఒకడు. హైమవతిని అగ్నిమాపక సిబ్బంది కాక్‌పిట్ కిటికీలోంచి బయటికి లాగారు. తలకి దెబ్బ తగిలింది, రెండు పక్కటెముకలు విరిగాయి. చేతులకి మాత్రం గీత కూడా పడలేదు.

ఆమె లేచి కూర్చునేసరికే తీర్పులు మొదలైపోయాయి. టీవీల్లో రోజూ అదే చర్చ. విమానం నడక గురించి, కాలిపోగా మిగిలిన రికార్డర్ చెప్పింది ఒక్కటే: ఆఖరి క్షణాల్లో ముక్కు దించమనే ఆదేశం కుడి సీటు దారిలో వచ్చింది. కుడి సీట్లో ఉన్నవాడు ఇరవయ్యారేళ్ల ధర్మతేజ. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కూడా కాలేదు. ఇంకేం కావాలి?

కానీ ఆ దారిలో ఆదేశం పంపగలిగింది అతనొక్కడే కాదు. ఏడాది కిందట ఆ రకం విమానాలన్నిటికీ 'రక్ష' అనే యంత్రం బిగించారు. వాయుమిత్ర అనే కంపెనీ తయారుచేసిన యంత్రం అది. గాల్లో విమానం వేగం మరీ తగ్గిందని తోస్తే పైలట్‌ని అడక్కుండానే ముక్కు దించి వేగం పెంచుతుంది. రక్ష ఇచ్చే ఆదేశమూ, కుడి సీటుకి కుడిపక్కన ఉండి విమానం ముక్కుని ఎత్తే, దించే స్టిక్ ఇచ్చే ఆదేశమూ ఒకే తీగ మీద వెళతాయి. ఏది ఎవరిదో రికార్డర్‌కి తెలియదు. "నేల దగ్గరపడగానే రక్ష నిద్రపోతుంది. అలాగే తయారుచేశాం. కాబట్టి తోసింది మనిషే" అంది వాయుమిత్ర.

ఆమె ఇంటికి వచ్చిన వారానికి ఎయిర్‌లైన్స్ ఆపరేషన్స్ డైరెక్టర్ చక్రపాణి చూడ్డానికి వచ్చాడు. ఆయన కూడా ఒకప్పుడు పైలటే. హైమవతికి మొదట్లో విమానం ఇచ్చి నమ్మినవాడు.

"చూడమ్మా, మాటల రికార్డర్లో మిగిలిన ముక్కలో నీ గొంతు ఒక్కటే స్పష్టంగా ఉంది. 'వదులు! వదులు!' అని అరిచావు" అన్నాడు కాఫీ పక్కన పెట్టి. "ఆ కుర్రాడు భయపడి స్టిక్ ముందుకి తోసేశాడు. నువ్వు వదలమన్నావు. వాడు వదల్లేదు. విచారణలో ఆ ఒక్క మాట చెప్పు చాలు. దసరాకి మళ్లీ నీ సీట్లో నువ్వుంటావు."

"నాకు గుర్తులేదు సార్."

"గుర్తులేకపోతేనేం? గొంతు నీదే కదా."

"గొంతు నాదే. ఆ మాట ఎవర్ని అన్నానో నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని చెప్పమంటున్నారా?"

చక్రపాణి గొంతు తగ్గించాడు. "చనిపోయినవాడికి పోయేదేముంది హైమా?"

"పేరు" అంది హైమవతి. "నేను చనిపోయి, అతను బతికుంటే ఇదే కుర్చీలో కూర్చుని ఇదే మాట అతనితో చెప్పేవారు, అవునా?"

ఆయన కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

రెండురోజుల తర్వాత ధర్మతేజ తండ్రి వచ్చాడు. పైల సూర్యనారాయణ ఆయన పేరు. టెక్కలి దగ్గరి పల్లె. జీవితమంతా ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. సోఫాలో కూర్చోమంటే కూర్చోకుండా గుమ్మం పక్కన కుర్చీ అంచున కూర్చున్నాడు.

"అమ్మా, నాను బస్సు తోలినోణ్ని. రోడ్డు మీద ఏటయినా ముందుగాల డ్రైవర్నే అంతారు. అది నాకు తెలుసు. మావోడు భయపడి అలగ సేసినాడని టీవీలో సెప్తన్నారు. ఊర్లో జనాలు నా మొకం సూడ్డం మానేసినారు." ఆయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నువ్వు పక్కనే ఉన్నావు గదమ్మా. నిజం సెప్పు. సేసుంటే సేసినాడనే సెప్పు, నాను తట్టుకుంతాను. ఏటయిందో తెలీకుండా ఉండడమే తట్టుకోలేకపోతన్నాను."

హైమవతి తన కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. "నాకూ తెలియదు బాబాయ్" అంది. ఎప్పుడూ చూడని మనిషిని బాబాయ్ అని ఎందుకు పిలిచిందో ఆమెకే తెలియలేదు. "కానీ తెలుసుకుంటాను."

అనేసింది గాని, ఎలాగో మాత్రం ఆమెకి తెలియదు.

దారి చూపించింది ఆమె చెయ్యే. మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త కునుకు పట్టగానే ఆమె కుడి చెయ్యి దుప్పటి మీద కదిలేది. ముందుకి తోసేది, గాల్లోకి లేచేది, దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు మూసుకునేది. ఆస్పత్రిలో ఉన్నప్పటి నుంచీ శేషగిరి అది గమనిస్తున్నాడు. చెకప్‌కి వెళ్లినప్పుడు ఫోన్లో తీసిన వీడియో డాక్టరుకి చూపించాడు. ఆ డాక్టరు దాన్ని పై అంతస్తులో ఉన్న నస్రీన్‌కి చూపించాడు.

డాక్టర్ నస్రీన్ గుంటూరు మనిషి. ముప్పై అయిదు దాటి ఉండవు. పక్షవాతంతో వంకరపోయిన చేతులకి వైద్యం చెయ్యడానికి ఆమె ఒక యంత్రం తయారుచేసింది. పేరు కరస్మృతి. తలకి వలలాంటి టోపీ, రెండు చేతులకి పలచటి గ్లవ్స్, వాటి మధ్య అరగోడంత యంత్రం. హైమవతి వెళ్లేసరికి అందులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకుపోయి ఉంది. యంత్రం సన్నగా మోగింది. పిడికిలి ఇంకా బిగుసుకుంది, ఒణికింది, ఆ తర్వాత మంచులా కరిగి తెరుచుకుంది. పెద్దాయన తన అరచేతిని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నాడు.

"ఇప్పుడు ఆ చేతికి బిగుసుకోవడం తెలియదు. పట్టుకోవడమూ తెలియదు. రేపటి నుంచి అన్నీ కొత్తగా నేర్పుతాం" అంది నస్రీన్.

"మాయం చేశారా?"

"లేపాను. చేతులు నేర్చుకున్న ప్రతి పనికీ లోపల ఒక దారి ఉంటుంది. నిద్రపోతున్న ఆ దారిని తట్టి లేపితే చెయ్యి దాని వెంట ఆఖరిసారి నడిచేస్తుంది. నడిచినంత మేరా అది చెరిగిపోతుంది. మళ్లీ గట్టిపడదు." నస్రీన్ ఫోన్లో వీడియో మళ్లీ చూసింది. "మీ తల మర్చిపోయింది గాని, మీ చెయ్యి మర్చిపోలేదు మేడమ్. ఆ ఆఖరి క్షణాలు మీ చేతుల్లో ఉన్నాయి. ఇప్పటిదాకా దీన్ని చెరపడానికే వాడాం. చదవడానికి ఎవరూ వాడలేదు."

"వాడండి" అంది హైమవతి.

మొదటిసారి లాబ్‌లోనే చేశారు. కుర్చీ ముందు చెక్కతో చేసిన స్టిక్, పక్కన ఇంజన్ల జోరు పెంచే థ్రాటిల్, అంతే. నస్రీన్ యంత్రం మోగించింది. హైమవతి కళ్లముందు ఏమీ కనబడలేదు. ఏ చప్పుడూ వినబడలేదు. తన చేతులు మాత్రం ఎవరివో అయిపోయాయి. ఎడమ చెయ్యి స్టిక్‌ని మెల్లగా సర్దింది, ఒక్కసారిగా పొట్టలోకి లాక్కున్నంత బలంగా వెనక్కి లాగింది. కుడి చెయ్యి థ్రాటిల్‌ని పూర్తిగా ముందుకి తోసేసింది. చెక్క విరుగుతుందేమో అన్నట్టు కిర్రుమంది. తర్వాత కుడి చెయ్యి థ్రాటిల్‌ని వదిలేసి, పక్కకి, కాస్త వెనక్కి, ఏమీ లేని గాల్లోకి వెళ్లింది.

నస్రీన్ యంత్రం ఆపేసింది. హైమవతి గుండె తెర మీద పరుగులు పెడుతోంది.

"ఆపకండి!"

"ఆపకపోతే గుండె ఆగుతుంది. మీరు ముక్కు పైకి లాగారు. అది మాత్రం తెలిసింది."

"నేను లాగానని నాకు ముందే తెలుసు. ఇరవై ఏళ్లుగా లాగుతున్నాను" అంది హైమవతి ఆయాసపడుతూ. తర్వాత వీడియోలో తన కుడి చెయ్యి వెళ్లినచోటుని వేలితో చూపించింది. "ఇక్కడ రెండు సీట్ల మధ్య ఒక ఎర్రపిడి ఉంటుంది. రక్షని ఆపేసే పిడి. నా చెయ్యి దానికోసం వెళ్లింది. నిద్రపోతున్నదాన్ని ఆపడానికి ఎందుకు వెళుతుంది?"

ఆ మర్నాడు ఉదయం కూతురు చిన్మయి స్కూలుకి తయారై, దువ్వెన తెచ్చి ఎప్పటిలా తల్లి ముందు కూర్చుంది. హైమవతి జుట్టు దువ్వి మూడు పాయలు తీసింది. ఏ పాయ ఏ పాయ మీదికి పోవాలో ఆమెకి తెలుసు. నోటితో చెప్పమంటే చెబుతుంది. వేళ్లకి తెలియలేదు. మూడు పాయలూ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"అమ్మా, బస్సు వచ్చేస్తుంది."

"ఇవ్వాళ నువ్వే వేసుకో తల్లీ."

చిన్మయి వెనక్కి తిరిగి తల్లి చేతులు చూసింది. పదిహేనేళ్ల పిల్ల. జుట్టు రబ్బరు బ్యాండుతో గుర్రపుతోకలా కట్టేసుకుని వెళ్లిపోయింది. వెళ్లేముందు తల్లి రెండు చేతులూ ఒకసారి పట్టుకుని వదిలింది.

ఆ సాయంత్రం నస్రీన్ ఇంటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. "అంత చిన్న ముక్కకే జడ పోయింది. చేతిపనులన్నీ వేళ్లూనుకున్నది ఒకచోటే. మిగతా ముక్క ఇంకా లోతుగా ఉంది. మీరు ఇన్నేళ్లు విమానాలు దించిన నేర్పంతా దాని చుట్టూనే అల్లుకుని ఉంది. అది తీస్తే ఇదీ వస్తుంది. తర్వాత మిమ్మల్ని సీట్లో కూర్చోబెట్టినా స్టిక్ ఎంత లాగాలో మీ చేతికి తెలియదు. అందుకే నేను ఇంక చెయ్యను."

ఆమె వెళ్లాక శేషగిరి వంటింట్లోకి వచ్చాడు. వాళ్లిద్దరూ కాలేజీలో కలిసి చదువుకున్నవాళ్లు. ఇప్పుడతను లెక్కలు చెబుతాడు. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు పెంచాడు.

"వద్దు హైమా. చచ్చిపోయినవాడి కోసం బతికున్నదాన్ని పోగొట్టుకుంటావా? ఎగరకుండా నువ్వు నువ్వుగా ఉంటావా? ఈ ఇంట్లో ఎవరికి తెలియదు?"

"ఎగరడం ఎలాగూ పోయింది శేషూ."

"ఎక్కడ పోయింది? దసరాకి ఇస్తామన్నారుగా!"

"ఆ సీట్లో కూర్చుని పక్క సీటువైపు ఎలా చూడను? చెప్పు. ఎవడో కొత్త కుర్రాడు కూర్చుంటాడు. ఏదన్నా అయితే ఈవిడ నా మీదికి తోసేస్తుందని వాడికి తెలిసే ఉంటుంది. అప్పుడు నేను ఎగరడం ఎందుకు?" ఆమె చేతిలో ఉన్న వంకాయ పళ్లెంలో పెట్టేసింది. "ఇంకో మాట. ఆ యంత్రం ఈ పూట కూడా విమానాల్లో ఎగురుతోంది. నిద్రపోతోందని వాళ్లు చెబుతున్నారు. నిద్రపోవడం లేదని నా చెయ్యి చెబుతోంది. రేపు మన చిన్మయి ఎక్కే విమానంలో కూడా అదే ఉంటుంది."

శేషగిరి కత్తిపీట ముందుకి లాక్కుని, ఆమె ముందున్న వంకాయలు తనవైపు తిప్పుకున్నాడు. "ఇటివ్వు. నేను తరుగుతాను" అన్నాడు.

నస్రీన్‌ని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. చివరికి ఆమె ఒప్పుకుంది, కానీ లాబ్‌లో అయితేనే అంది. హైమవతి తల అడ్డంగా ఊపింది. "లాబ్‌లో తీస్తే మనిద్దరం కలిసి వండామంటారు. ఒక్కసారే వస్తుంది కదా? విచారణ సంఘం ముందు రావాలి. వాయుమిత్ర వాళ్ల కళ్లముందు రావాలి." ఆస్పత్రి అనుమతి ఇవ్వలేదు. ఉద్యోగం పోతుందని నస్రీన్‌కి కబురు కూడా వచ్చింది. ఆమె సెలవుచీటీ రాసిచ్చి, తను కూడబెట్టిన భాగాలతో అలాంటిదే ఇంకో యంత్రం బిగించుకుంది.

విచారణ ముందురోజు మధ్యాహ్నం హైమవతి ఒక్కతే విమానాశ్రయం కంచె దగ్గరికి వెళ్లింది. కంచెకి ఇవతల చెరుకురసం బండి, పిల్లల్ని ఎత్తుకుని విమానాలు చూపిస్తున్న తండ్రులు. ఒక విమానం వచ్చింది. చక్రాలు నేలని తాకబోయే ముందు ఆమె ఎడమ చెయ్యి తనంతట తనే పిడికిలి కట్టి, రెండు వేళ్ల మందం వెనక్కి వచ్చింది. పాదాలు బూట్లలో సర్దుకున్నాయి. చక్రాలు తాకాయి. పైలట్ బాగా దించాడు. ఆమె ఇంకో విమానం కోసం ఆగింది, తర్వాత ఇంకోదాని కోసం. పొద్దువాలేదాకా అన్నిటినీ కంచె ఇవతల నిలబడి తనే దించింది. చెరుకురసం బండావిడ గ్లాసు అందిస్తూ, "ఎవరైనా రావాలా అమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. పంపించడానికి వచ్చాను."

విచారణ విశాఖలో జరిగింది. హాలు నిండిపోయింది. సంఘానికి పెద్ద జస్టిస్ రంగాచారి. తెల్లటి కనుబొమలు, పొడి మాట. వాయుమిత్ర తరఫు లాయరు సుదర్శన్ మొదటే అడ్డు చెప్పాడు. "ఇదేం సోదె కాదు కదండీ, చేతులు పలకడానికి!" హాల్లో కొందరు నవ్వారు. సూర్యనారాయణ వెనక వరసలో తలగుడ్డ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన నవ్వలేదు.

"చూద్దాం. చూడ్డానికి అభ్యంతరం ఏముంది?" అన్నారు రంగాచారి.

ఈసారి కాక్‌పిట్ నమూనాలో ఎర్రపిడి కూడా ఉంది. దాని సంగతి సంఘానికి హైమవతే చెప్పింది. పొరపాటున ఎవరూ లాగకుండా ఆ పిడికి ఒక మూత ఉంటుంది. ఒక చేత్తో మూత నొక్కిపట్టి, ఇంకో చేత్తో పిడి లాగాలి. రెండు చేతుల పని. చెప్పడం అయ్యాక ఆమె కుర్చీలో కూర్చుని గ్లవ్స్ తొడుక్కుంది. మొదటి వరసలో ఉన్న శేషగిరినీ చిన్మయినీ చూసి, నస్రీన్‌వైపు తిరిగింది.

"గుండె ఎంత పరిగెత్తినా ఆపకండి."

"మేడమ్..."

"ఆపితే ఇంకెప్పటికీ రాదు. ఆపకండి."

యంత్రం మోగింది.

చెరిగిపోయినంత మేరా చేతులు ఊరకే ఉన్నాయి. తర్వాత కుడి చెయ్యి లేచింది. పక్కకి, వెనక్కి, సూటిగా ఎర్రపిడి మీదికి వెళ్లింది. కానీ పిడిని పట్టుకోలేదు. పిడికి జానెడు పైనే, గాల్లోనే, దేని చుట్టూనో మూసుకుని ఆగిపోయింది. వేళ్లు పూర్తిగా ముడుచుకోలేదు, ఏదో లావుపాటిదాన్ని పొదివి పట్టుకున్నట్టు. మోచేయి బిగుసుకుంది. భుజం వణికింది. ఆ చెయ్యి పైకి లాగింది. మళ్లీ లాగింది. సాయం పడుతున్న చెయ్యి ఎలా లాగుతుందో అలా లాగింది. తెర మీద గుండె గీత పిచ్చిగా ఎగురుతోంది. నస్రీన్ చెయ్యి మీట మీదికి వెళ్లింది, ఆగింది. హైమవతి నోరు తెరుచుకుంది. శబ్దం లేకుండా పెదవులు కదిలాయి. వదులు. వదులు.

చెయ్యి ఒక్కసారిగా విదిల్చినట్టు ఊడి ఒళ్లో పడింది. అంతే.

నస్రీన్ కన్నీళ్లు తుడుచుకోకుండానే గ్లవ్ అరచేతి మీద పడ్డ ఒత్తిళ్ల బొమ్మని పెద్ద తెర మీద వేసింది. ఆ ఆఖరి క్షణాల్లో ఆ అరచేతికి తగిలినది ఏమిటో ఆ అరచెయ్యే అచ్చు వేసింది. మెటికలు. ఒక వరస, దాని పక్కన ఇంకో వరస.

"రెండు చేతులు" అంది నస్రీన్. "కెప్టెన్ చెయ్యి పడకముందే పిడి మీద రెండు చేతులున్నాయి. రెండూ ఒకే మనిషివి. కుడిపక్క నుంచి వచ్చినవి."

రంగాచారి ముందుకి వంగారు. "ఆ రెండో వరసలో గుండ్రంగా, గట్టిగా ఉన్నదేమిటమ్మా?"

నస్రీన్ నోరు విప్పేలోపలే వెనక వరసలో కుర్చీ కదిలింది. సూర్యనారాయణ లేచి నిలబడ్డాడు.

"ఉంగరం బాబూ" అన్నాడు. "మావోడి ఉంగరం. వాళ్లమ్మది. ఆవిడ పోయినాక పెద్దది సేయించుకుని పెట్టుకున్నాడు. కుడి సేతికే పెట్టుకున్నాడు. సూడండి, కుడి సెయ్యే గదా అది? స్టిక్కు తొయ్యాలన్నా ఆ సెయ్యే గావాల. ఆ సెయ్యి అక్కడుంటే తోసినోడు ఎవుడు బాబూ?" కుడి చెయ్యేనని నస్రీన్ తలూపింది.

సుదర్శన్ చటుక్కున లేచాడు. "ఇది సాక్ష్యం కాదండీ! నెలల తరబడి లాబ్‌లో నేర్పించి, ఇక్కడ ఆడించారు. నేర్చుకుని వచ్చిన ఆట ఇది. కెప్టెన్ గారూ, అదే పని ఇంకోసారి చేసి చూపించండి. యంత్రం లేకుండా."

"వద్దు" అంది నస్రీన్.

"ఎందుకు వద్దు? చూపించనివ్వండి!"

"చూపిస్తాను" అంది హైమవతి.

ఆమె గ్లవ్స్ తీసేసింది. ఎడమ చేత్తో స్టిక్ పట్టుకుంది. పట్టుకున్న తీరు చూడగానే హాల్లో ఉన్న పైలట్లందరికీ తెలిసిపోయింది. సంతలో కొత్తగా కొన్న గొడుగు పట్టుకున్నట్టు పట్టుకుంది. బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక రెండుసార్లు మార్చింది. కుడి చెయ్యి థ్రాటిల్ కోసం వెతికింది. కళ్లతో చూసుకుంటే తప్ప దొరకలేదు. స్టిక్ వెనక్కి లాగింది. మరీ ఎక్కువ లాగింది, ఉలిక్కిపడి ముందుకి తోసింది. వాళ్ల మధ్య కూర్చున్న చక్రపాణి తలదించుకున్నాడు. మొదట్లో ఆమెకి విమానం ఇచ్చినవాడు ఆయనే.

"ఇంతే వచ్చు లాయరుగారూ" అంది హైమవతి. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది, గొంతు మాత్రం గదంతా వినబడింది. "పొద్దున ఈ హాల్లోకి వచ్చినప్పుడు నాకు విమానం దించడం వచ్చు. ఇప్పుడు రాదు. ఇది నేర్చుకుని వచ్చిన ఆట అయితే, దానికి నేనిచ్చిన వెల ఇది. మీ యంత్రాన్ని కాపాడ్డానికి మీ కంపెనీలో ఎవరైనా ఇంత ఇస్తారా? ఇస్తే వచ్చి ఈ కుర్చీలో కూర్చోమనండి. వాళ్ల చేతులు కూడా చదువుదాం."

సుదర్శన్ కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే సంఘం కాలిపోయిన ముందు సగాన్ని మళ్లీ జల్లెడ పట్టమని ఉత్తర్వు ఇచ్చింది. కరిగి ముద్దయిన లోహంలో ఎర్రపిడి దొరికింది. లాగిన పిడి లాగినట్టే ఉంది. మూత నొక్కినట్టే ఉంది. వాళ్లు ఆపమన్నారు. రక్ష ఆగలేదు. హైమవతి 'వదులు' అని అరిచింది ధర్మతేజని కాదు, దాన్ని. వానకి నీరు చేరిన సెన్సర్ ఒకటి వేగం పడిపోయిందని దానికి తప్పుడు లెక్క చెప్పింది. నేల దగ్గర నిద్రపోవాల్సిన యంత్రం, నేల ఎక్కడుందో కూడా తెలుసుకోలేకపోయింది. ఆ రకం విమానాలన్నిటి నుంచీ దాన్ని పీకేశారు. తుది నివేదికలో ధర్మతేజ పేరు పక్కన ఒక వాక్యం చేరింది: ఆఖరి క్షణం వరకు ప్రయాణికులను కాపాడే ప్రయత్నం చేశాడు. సూర్యనారాయణ ఆ వాక్యాన్ని ఊళ్లో రామాలయం మైకులో చదివించాడు. ఒకసారి కాదు, ఊరంతా వచ్చేదాకా.

హైమవతికి లైసెన్సు పోయింది. వైద్య మండలి ఆమె చేతుల్ని పరీక్షించి, ఇవి పైలట్ చేతులు కావని తేల్చింది. ఆమె వాదించలేదు. ఎవరో సన్మానం చేస్తామని వస్తే పంపించేసింది. కొన్నాళ్లు ఇంట్లో బొత్తాలు పెట్టుకోవడం, కూరలు తరగడం, పెన్ను పట్టుకోవడం మళ్లీ నేర్చుకుంది. చిన్మయి తన జడ మీద తల్లికి పాఠాలు చెప్పింది. మొదట్లో వేసిన జడలు స్కూలు గేటు దాటకముందే ఊడిపోయేవి.

చలికాలం చివర్లో ఒక ఆదివారం ఉదయం, కొండల నడుమ ఉన్న చిన్న ఎయిర్‌స్ట్రిప్ దగ్గర శేషగిరి కారు ఆపాడు. అక్కడ ఒక ఫ్లయింగ్ క్లబ్ ఉంది. రెండు సీట్ల చిన్న విమానాలు మూడున్నాయి. ఇన్‌స్ట్రక్టర్ మౌక్తిక బయటికి వచ్చి హైమవతిని చూసి నిలబడిపోయింది. ఐదేళ్ల కిందట మౌక్తికకి పెద్ద విమానం దించడం నేర్పింది హైమవతే.

"మేడమ్! మీరా? పేరు చూసి ఇంకెవరో అనుకున్నాను. మీకు నేను నేర్పడమేంటి?"

"నాకు రాదు కాబట్టి."

"లైసెన్సు ఇవ్వరేమో మేడమ్..."

"లైసెన్సు అడగడానికి రాలేదు. నేర్చుకోవడానికి వచ్చాను. స్టూడెంట్ ఏ సీట్లో కూర్చోవాలి?"

మౌక్తిక విమానం తలుపు తెరిచింది. "ఎడమ సీట్లో... కూర్చోండి."

పైకి ఎక్కడం మౌక్తికే చేసింది. జీలుగుచెట్లు, మడులు, ఎర్రటి మట్టిరోడ్డు కిందికి జారిపోయాయి. దిగేటప్పుడు స్టిక్ హైమవతి చేతికి ఇచ్చింది. పుస్తకంలో ఉన్నదంతా హైమవతికి గుర్తుంది. ఎంత ఎత్తులో ఏం చెయ్యాలో తెలుసు. చేతులకి మాత్రం ఇది మొదటి రోజు. విమానం మందు తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ దిగింది. నేల వాళ్ల మీదికి పరిగెత్తుకొచ్చింది. ఆమె లాగింది. చక్రాలు నేలకి కొట్టుకున్నాయి, విమానం కప్పలా ఎగిరింది, మళ్లీ కొట్టుకుంది, మళ్లీ ఎగిరింది. తలకి తగిలించుకున్న హెడ్‌సెట్ ముక్కు మీదికి జారింది.

"కంట్రోల్ నాది!" అని మౌక్తిక అరిచి విమానాన్ని సరిచేసి ఆపింది. ఆగాక నాలిక కరుచుకుంది. "సారీ మేడమ్, అరిచేశాను."

"అలాగే అరవాలి. ఎక్కడ తప్పు చేశానో చెప్పు."

మౌక్తిక ఈసారి ఇన్‌స్ట్రక్టర్ గొంతుతోనే చెప్పింది. "తొందరపడి లాగేశారు. నేల ఇంకా రాలేదు. రానివ్వాలి."

హైమవతి తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. చెమట పట్టి, ఎర్రగా కందిన చేతులు. వాటికి ఇప్పుడే ఒక సంగతి తెలిసింది. చాలా చిన్న సంగతి. అయినా అది వాటిదే.

ఆమె గట్టిగా నవ్వింది. హెడ్‌సెట్ సరిచేసుకుని, విమానం ముక్కుని రన్‌వే మొదలువైపు తిప్పింది.

"సరే" అంది. "ఇంకోసారి."